పక్క పోర్షన్ నిద్ర చెడకుండా హెవీ గిటార్ రికార్డింగ్

అనంతపురం పాతూరులోనో, కర్నూలు పాతబస్తీలోనో, కడపలో రెండు మూడు పోర్షన్లుగా కట్టి అద్దెకిచ్చే ఇళ్లలోనో ఉంటూ ఎలక్ట్రిక్ గిటార్ మీద మెటల్ వాయించే కుర్రాళ్లకు ఒక ఫిర్యాదు తప్పదు. గోడ అవతల నుంచి వచ్చే ఆ మాట దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: "ఏంది నాయనా ఆ దడదడ, రాత్రి పూట కూడానా?" గోడ అవతలి పెద్దావిడ అడిగేది దడ గురించే. గీపెట్టే తీగల గురించి ఆమె ఎప్పుడూ అడగదు. వాయించేవాడి చెవులను నింపే కరకర గోడ దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. అవతలికి వెళ్లేది కింది స్వరాల గుద్దుడు. మిక్సింగ్‌కు, అంటే విడివిడి ట్రాకులను కలిపి పాటగా కూర్చడానికి, కూర్చున్న సౌండ్ ఇంజనీర్ హెవీ గిటార్ ట్రాకులో మొట్టమొదట కోసి పారేసేది కూడా ఆ గుద్దుడినే. 80, 100 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) కింద ఉన్న భాగాన్ని బేస్ గిటార్‌కు, కిక్ డ్రమ్‌కు వదిలేయడం అక్కడ మామూలు పని. అంటే పక్కింటి వాళ్ల నిద్ర చెడగొట్టే భాగం, చివరికి పాటలో మిగలని భాగం దాదాపు ఒకటే. ఉమ్మడి గోడ ఇంట్లో డిస్టార్షన్, అంటే కావాలని కరకరలాడించిన శబ్దం, ఉన్న గిటార్ రికార్డు చేయడమంటే ఈ సంగతిని అనుకూలంగా మలచుకోవడమే.

ముందు మోత లెక్క చూడాలి. 12 అంగుళాల గిటార్ స్పీకర్లలో బాగా పేరున్న సెలెస్టియన్ వింటేజ్ 30కి 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వస్తుంది. వంద వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) బదులు చిన్న 1 వాట్ ఆంప్ కొనుక్కుంటే గొడవ వదులుతుందని చాలామంది సలహా ఇస్తుంటారు. కానీ వంద వాట్లకూ ఒక వాట్‌కూ తేడా 20 డెసిబెల్సే. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి పవర్ వందో వంతుకు పడిపోయినా మోత పావు వంతుకే దిగుతుంది. గట్టిగా మాట్లాడుకునే స్థాయికి, అంటే 70 డెసిబెల్స్ దగ్గరికి రావాలంటే స్పీకర్‌కు అందాల్సింది వాట్‌లో వెయ్యో వంతు. ఆంప్ మీద రాసి ఉన్న వాట్ల సంఖ్యతో అద్దె ఇంట్లో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

దీనికి తోడు డిస్టార్షన్‌కు ఒక గుణం ఉంది. క్లీన్ గిటార్‌లో తీగ మీటగానే ఒక్కసారి పైకి లేచిన శబ్దం వెంటనే సన్నగిల్లుతుంది. డిస్టార్షన్‌లో ఆ శిఖరాలు తెగిపోతాయి, సన్నగిల్లాల్సిన భాగం పైకి లేస్తుంది. అందుకే మీటరులో గరిష్ఠ స్థాయి ఒకటే చూపించినా సగటు శక్తి బాగా ఎక్కువ. పక్కింటివాళ్లకు విసుగు పుట్టించేది ఆ ఎడతెగనితనమే.

ఇక గోడ. గోడ శబ్దాన్ని ఆపేది బరువుతో. బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ అదనంగా ఆగుతాయి. శబ్దం ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం హెర్ట్జ్‌లకు, దిగితే అంతే మేర మళ్లీ చేజారుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మధ్య స్వరాలను 40 నుంచి 45 డెసిబెల్స్ వరకు తగ్గిస్తుంది, 9 అంగుళాల గోడయితే 50 దరిదాపుల్లో. మధ్య స్వరమంటే 500 హెర్ట్జ్ అనుకుంటే, అక్కడి నుంచి మూడు ఆక్టేవ్‌లు దిగేసరికి 62 హెర్ట్జ్. సూత్రం ప్రకారం 18 డెసిబెల్స్ పోయినట్టే. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మామూలు ట్యూనింగ్‌లో 82 హెర్ట్జ్ పలుకుతుంది. మెటల్ వాళ్లు దాన్ని సి స్వరం దాకా దించితే 65, ఏ స్వరం దాకా దించితే 55. గోడ ఎక్కడ బలహీనమో తీగ సరిగ్గా అక్కడికే దిగుతోంది.

సీమ ఇళ్లలో ఈ లెక్క ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. పాతూరులో ఇంకా నిలబడి ఉన్న రాతి మిద్దెలకు ఒకటిన్నర అడుగు మందం గోడలుంటాయి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడతో పోలిస్తే చదరపు అడుగుకు నాలుగింతల బరువు, అంటే కాగితం మీద 12 డెసిబెల్స్ లాభం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా పరిచిన చౌడు మన్ను. కొత్తగా కట్టిన పోర్షన్ల ఇంటి కంటే ఈ ముసలి మిద్దెలే రికార్డింగ్‌కు అనువైనవని అనిపించడం సహజం. కానీ ఆ గోడను దగ్గరగా చూడాలి. దాంట్లో రెండు వైపులా గూళ్లు ఉంటాయి. ఇటువైపు గూడుకు వెనకాలే అటువైపు గూడు కూడా పడితే ఒకటిన్నర అడుగు గోడ అక్కడ అరడుగు కూడా మిగలదు. కొన్నిచోట్ల రెండిళ్ల దూలాలు ఒకే గోడ మీద తల ఆనించి ఉంటాయి, ఒక దూలం అదిరితే రెండో దానికి తెలుస్తుంది. గాలికి, వెలుతురుకు వదిలిన గవాక్షం ఉండనే ఉంది. మట్టిలో కట్టిన రాళ్ల మధ్య మట్టి రాలిపోయి సందులు పడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

సందు విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉందనుకుంటే, ఆ ఖాళీలోంచే నూటికి ఒక వంతు శబ్దం తిన్నగా వెళ్లిపోతుంది. నూటికి ఒక వంతు అంటే 20 డెసిబెల్స్ తగ్గినట్టు. మిగతా గోడ 50 ఆపేదైనా సరే, మొత్తం మీద దక్కేది ఆ 20 మాత్రమే. తొట్టికి అడుగున చిల్లు పడ్డాక అంచు ఎంత ఎత్తు కట్టినా నీళ్లు నిలవవు కదా. తలుపు కింద అర అంగుళం సందు, కూలర్ కోసం తీసిన కిటికీ చెక్క, ఏసీ పైపు చుట్టూ వదిలేసిన కంత, వీటిని మూయకుండా గోడకు ఏం అంటించినా దండగే. మరి అన్నీ మూస్తే ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండకు ఆ గదిలో అరగంట కూర్చోవడం కూడా కష్టం. ఈ ఇబ్బందికి తేలికైన విరుగుడు ఏదీ లేదు.

గోడకు అంటించే వాటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది కోడిగుడ్ల అట్ట. అవి శబ్దాన్ని ఆపవు, ఆపలేవు, ఎందుకంటే వాటికి బరువే లేదు. గదిలో కీచుమనే ప్రతిధ్వనిని కాస్త తగ్గించినట్టు అనిపిస్తుంది, అంతవరకే. దుకాణాల్లో నల్లటి ముక్కలుగా అమ్మే ఫోమ్ సంగతీ దాదాపు అంతే. 65 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 5 మీటర్ల పైనే ఉంటుంది, రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. గదిలోని మోగుడు తగ్గించడం వేరు, గోడ దాటకుండా ఆపడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టుకుని "పక్కింట్లో 45 కూడా దాటలేదు" అని వాదించేవాళ్లూ ఉంటారు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 పరిమితి. ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టమ్ మోత ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5కు మించి దాటకూడదని 2010 సవరణ చెబుతోంది. ఈ అంకెలన్నీ 'ఏ' తూకంలో కొలిచినవి, అంటే మనిషి చెవికి బాగా వినపడే స్వరాలకు ఎక్కువ విలువ, కింది స్వరాలకు తక్కువ విలువ ఇచ్చే కొలత. ఆ తూకంలో 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ తీసేస్తారు. అందుకే మీటరు సాధువులా 45 చూపిస్తున్నా, అవతలి గదిలో గోడలోకి దిగేసిన కడప బండ షెల్ఫు మీద స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని గణగణమంటూ ఉండొచ్చు. పక్కింటివాళ్లకు కావలసింది ఆ గ్లాసులు కదలకపోవడం. యాప్ చూపించి నెగ్గిన వాదన అద్దె ఇంట్లో ఎక్కువ రోజులు నిలవదు.

ఇంతకీ హెవీ సౌండ్‌కు మోత అవసరమా? డిస్టార్షన్ ఎక్కడ పుడుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఈ కాలపు హై గెయిన్ (సిగ్నల్‌ను బాగా పెంచే) ఆంప్‌లలో అది చాలావరకు ప్రీఆంప్ అనే మొదటి దశలోనే, చిన్న 12ఏఎక్స్7 వాక్యూమ్ ట్యూబుల వరసలోనే తయారవుతుంది. మొత్తం మోతను తగ్గించే మాస్టర్ వాల్యూమ్ నాబ్ దాని తర్వాత వస్తుంది. అరవైల నాటి ఆంప్‌లలో ఆ సౌకర్యం లేదు. అందులో పవర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ అన్నీ కలిసి అరిస్తే తప్ప ఆ రంగు రాదు. పాత రాక్ సౌండ్ కోసం ప్రాకులాడేవాళ్లకు ఉమ్మడి గోడ నిజంగా అడ్డంకే. మెటల్ వాళ్లకు మాత్రం అంత కాదు. పైకి ఎంత విడ్డూరంగా ఉన్నా, ఎంత ఎక్కువ డిస్టార్షన్ కావాలంటే అంత తక్కువ మోతతో పని జరుగుతుంది.

ట్యూబ్ ఆంప్ నుంచి స్పీకర్ తీసేసి నేరుగా కంప్యూటర్‌లోకి పంపాలంటే మధ్యలో స్పీకర్ బదులు ఆంప్ పవర్‌ను భరించే లోడ్ బాక్స్ ఉండి తీరాలి. స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా పెరిగి అది కాలిపోవచ్చు. అక్కడ తప్పుకు క్షమాపణ లేదు. లోడ్ బాక్సుల్లో రెసిస్టర్ మాత్రమే ఉన్నవి చవక. రియాక్టివ్ లోడ్ అనేవి ఖరీదు, కానీ అసలు స్పీకర్ లాగే కింద 100 హెర్ట్జ్ పరిసరాల్లో, పైన హై ఫ్రీక్వెన్సీల్లో ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పెంచి చూపిస్తాయి కాబట్టి ఆంప్ బిగుసుకుపోకుండా మామూలుగా స్పందిస్తుంది. ఈ తిప్పలు కొత్తవేం కాదు. 1976లో తొలి ఆల్బమ్‌తో సంచలనం సృష్టించిన బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ షోల్జ్, పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ ఇంటి బేస్‌మెంట్‌లోనే చాలావరకు రికార్డు చేశాడు. ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి మోత తగ్గించే పవర్ సోక్ పెట్టెను తయారుచేసి అమ్మిందీ ఆయనే.

లోడ్ బాక్స్ నుంచి వచ్చే శబ్దాన్ని అలాగే వింటే తేనెటీగల రొద తప్ప గిటార్ వినపడదు. గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు మింగేస్తుంది, ఆ పని ఇక్కడ జరగలేదు. దాని బదులు ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) ఫైలు వాడతారు. ఒక ఫలానా క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ముందు ఫలానా మైక్‌ను ఫలానా చోట పెడితే శబ్దం ఎలా మారుతుందో, సెకనులో చిన్న ముక్క పొడవున కొలిచి దాచిన ఫైలు అది. అసలు ట్యూబ్ ఆంపే కొనలేనివాళ్లకు ఆంప్ శబ్దాన్ని అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక మోస్తరు ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు ఉంటే రాత్రి రెండు గంటలకైనా గోడ అవతలికి వినపడేది తీగ మీటే ప్లెక్ట్రమ్ టిక్కుటిక్కు ఒక్కటే.

తక్కువ మోతలో టోన్ పెట్టుకునేటప్పుడు చెవి చేసే మోసం ఒకటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు గీసిన వక్రరేఖలు ఇప్పటికీ ఆడియో పాఠాల్లో ఉంటాయి. మోత తగ్గేకొద్దీ మనిషి చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే తొందరగా వినపడకుండా పోతాయని అవి చూపిస్తాయి. దాంతో చిన్నగా వాయించేవాడికి గిటార్ పేలవంగా అనిపిస్తుంది. చెయ్యి బేస్ నాబ్ మీదికి పోతుంది, తర్వాత ట్రెబుల్ మీదికి, చివరికి గెయిన్ మీదికి. మధ్య స్వరాలు బోలుగా మిగులుతాయి. మర్నాడు డ్రమ్స్‌తో కలిపి వింటే గిటార్ కనిపించకుండా పోతుంది, ఎందుకంటే మిక్స్‌లో గిటార్ బతికేది ఆ మధ్య స్వరాల్లోనే. పెంచిన బేస్ మాత్రం ఆ రాత్రే గోడ దాటి వెళ్లింది.

విరుగుడు కూడా ఇక్కడే ఉంది. హై గెయిన్ ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ (కాలితో నొక్కే చిన్న ఎఫెక్ట్ పెట్టె) పెట్టి, దాని డ్రైవ్ సున్నాకు తిప్పి, లెవెల్ పూర్తిగా పెంచడం మెటల్ వాళ్లలో పాత అలవాటు. ఆ పెడల్ కింది స్వరాలను కోస్తుంది, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం ఎత్తుతుంది. డిస్టార్షన్‌లోకి బేస్ తక్కువ వెళ్తే పామ్ మ్యూట్ (అరచేతి అంచును తీగలకు ఆనించి) కొట్టిన ప్రతిసారీ బురదలా సాగకుండా టక్కున తెగుతుంది, గోడకు చేరే గుద్దుడు కూడా తగ్గుతుంది. గెయిన్ అనుకున్నదాని కంటే తక్కువ పెట్టి, అదే రిఫ్‌ను (పదేపదే వచ్చే గిటార్ వరసను) రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెడితే వచ్చే వెడల్పు ఏ నాబ్ తిప్పినా రాదు. ఒకసారి వాయించిన టేక్‌నే కాపీ చేసి రెండు వైపులా పెడితే మాత్రం ఏమీ జరగదు, మధ్యలోనే వినపడుతుంది. హెవీగా అనిపించడంలో సగం పనితనం వాయించే చేతిదే. మిగతా సగంలో పెద్ద వాటా బేస్ గిటార్‌ది. దాని గురించి మెటల్ కుర్రాళ్లు ఎందుకో ఒప్పుకోరు.

నిజం స్పీకరే కావాలి అనేవాళ్లకూ దారి ఉంది. మైక్‌ను గ్రిల్‌కు అంగుళం దూరంలో పెడితే, మీటరు దూరంలో ఉన్న శబ్దం కంటే అక్కడ 20 డెసిబెల్స్ పైనే ఎక్కువ ఉంటుంది. గదిలో 75 ఉన్నా మైక్‌కు చాలినంత దొరుకుతుంది. 1965 నుంచి అమ్ముడవుతున్న షూర్ ఎస్‌ఎం57 మైక్ ఈ పనికి ఇప్పటికీ మొదటి ఎంపిక. స్పీకర్ నడుమ ఉన్న గుండ్రటి మూత అంచుకు ఎదురుగా పెట్టి, అక్కడి నుంచి అర అంగుళం అటూ ఇటూ జరిపితే ఏ ఈక్వలైజర్ చేయలేనంత మార్పు వస్తుంది. ఇంత తక్కువ మోతలో కొత్త తలనొప్పులు మొదలవుతాయి. సీలింగ్ ఫ్యాన్ గాలి, వీధిలో మైకు పెట్టుకుని ఉల్లిగడ్డలమ్మే బండి, వంటింట్లో కుక్కర్ విజిల్ అన్నీ ట్రాకులోకి దూరతాయి. గిటార్ వాయించే మనిషి స్పీకర్ పక్కనే కూర్చుంటే తీగల మీద ప్లెక్ట్రమ్ చప్పుడు కూడా పడుతుంది. పొడుగాటి కేబుల్ వేసుకుని అవతలి గదిలో కూర్చోవడం మేలు.

క్యాబినెట్‌ను నేల మీద నేరుగా పెట్టకూడదు, ఉమ్మడి గోడకు ఆనించనే కూడదు. మందపాటి రబ్బరు ముక్కల మీద, పరుపు ముక్క మీద లేపి పెడితే నేల బండల్లోంచి పాకే అదురు తగ్గుతుంది. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అయితే ఆ రెండు కొలతలూ కలిసి 57 హెర్ట్జ్ దగ్గర గదిని ఊపేస్తాయి. లావు తీగను అంత కిందికి దించేవాళ్లకు ఒక్కో నోటు (స్వరం) ఎందుకు గుంయ్‌మని లేస్తుందో అప్పుడు తెలుస్తుంది. బట్టల బీరువాలో స్పీకర్ పెట్టి చుట్టూ దుప్పట్లు కప్పడం కూడా చాలామంది చేసేదే. పై స్వరాల వరకు అది పని చేస్తుంది, కింది వాటికి కాదు.

సీమలో ఇంకో శత్రువు కరెంటు. హై గెయిన్ అంటే గిటార్ నుంచి వచ్చే బుల్లి సిగ్నల్‌ను వేల రెట్లు పెంచడం, దాంతోపాటు కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ రొద, అంటే హమ్మూ, అంతే పెరుగుతుంది. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది. ఎర్త్ గుంతలో బకెట్ నీళ్లు పోస్తే హమ్ తగ్గిన ఇళ్లు ఉన్నాయి. ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్ ఆపి చూడటం, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం తర్వాతి మెట్లు. హమ్ పోతుందని ట్యూబ్ ఆంప్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. లోపల నాలుగైదు వందల వోల్టులు ఉంటాయి.

అన్నిటికంటే తెలివైన పద్ధతి, ఇంట్లో శుద్ధమైన డీఐ ట్రాకు కూడా రికార్డు చేసి పెట్టుకోవడం. డిస్టార్షన్ లేని, గిటార్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ అది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో నాలుగు నిమిషాల పాటకు ఒక్కో ట్రాకు 35 ఎంబీ మించదు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. వాయించడం ఇంట్లో తీరిగ్గా పూర్తి చేసుకుని, ఆ ఫైళ్లను అక్కడి స్టూడియోకు పంపి, రికార్డైన సిగ్నల్‌ను మళ్లీ గిటార్ సిగ్నల్ స్థాయికి మార్చే రీ-ఆంప్ బాక్సు ద్వారా నిజమైన ఆంప్‌లోకి ఎక్కించి, పూర్తి మోతతో మళ్లీ రికార్డు చేయించుకోవచ్చు. స్టూడియోకు గంటల లెక్కన డబ్బు కట్టాల్సింది అప్పుడు మాత్రమే, తప్పులు సరిదిద్దుకునే గంటలకు కాదు.

హెడ్‌ఫోన్లతో దొరకనిది ఒకటుంది. స్పీకర్ మోత తిరిగి గిటార్ తీగను తాకి, తీగ ఆగకుండా పాడుతూనే ఉండే ఫీడ్‌బ్యాక్. సోలోలో ఒక నోటు సాగి సాగి పై స్వరంలోకి మారే ఆ క్షణానికి గాలి కదలాల్సిందే, సాఫ్ట్‌వేర్ నకళ్లు అంతంత మాత్రం. పాట మొత్తంలో అలాంటి చోట్లు రెండో మూడో ఉంటాయి. వాటిని పక్కన పెట్టుకుని, మిగతాదంతా ఇంట్లో ముగించి, పగలు పదకొండు గంటలప్పుడు పక్క పోర్షన్ వాళ్లకు ముందే చెప్పి అరగంటలో కానిచ్చేయొచ్చు. అదీ కుదరకపోతే మూఢంలోనో, శూన్యమాసంలోనో ఊరి చివరి కల్యాణ మండపం వాళ్లను అడిగి చూడాలి. ముహూర్తాలు లేని రోజుల్లో హాలు ఖాళీగానే ఉంటుంది. మైక్ స్పీకర్‌కు అంగుళం దూరంలోనే ఉంటుంది కాబట్టి హాలు ప్రతిధ్వని ట్రాకులోకి పెద్దగా రాదు.